నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేసినవాళ్లు ఉన్నారా? (శ్రీకాకుళం, విజయనగరం)

పలాస_చిన్నది:
అందరికీ నమస్తే. మాది పలాస దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ పాసై ఏడాది అయింది. అమ్మ జీడిపిక్కల పనికి వెళ్తుంది. మా మావయ్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్, తోడు నేనే వెళ్తాను. అక్కడ మంచాల దగ్గర పనిచేసే అమ్మాయిల్ని చూసి నాకూ ఈ పని నేర్చుకోవాలని ఉంది. మా ఊళ్లో ఒకాయన "35 వేలు కట్టు, ఆరు నెలల్లో నర్సు అయిపోతావు" అంటున్నాడు. అమ్మ డ్వాక్రాలో అప్పు తీసి కడతానంటోంది. నాకు భయంగా ఉంది. నిజంగా ఆరు నెలల్లో నర్సు అవుతారా? అసలు ఆ కోర్సులో ఏం నేర్పిస్తారు?

విజయనగరం_సిస్టర్:
అమ్మా, ముందు ఆ 35 వేలు ఎవరి చేతిలోనూ పెట్టకు. ఆరు నెలల్లో ఎవరూ నర్సు అవ్వరు. నర్సు చదువులంటే ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఆ తర్వాత రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు ఎక్కాలి. నువ్వు అడుగుతున్నది జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు, అందరం జీడీఏ అంటాం. కొన్ని నెలల్లో అయిపోతుంది. దానికి హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్ ఉంటుంది.

అది చిన్న పని అనుకోకు. నేను 14 ఏళ్లుగా వార్డులో ఉన్నాను. రాత్రి డ్యూటీలో 30 మంది రోగులకి ఇద్దరం ఉన్నప్పుడు, పని తెలిసిన అసిస్టెంట్ ఒక్కరు పక్కనుంటే ప్రాణం లేచి వస్తుంది. ఆ పనికి నర్సు అని పేరు పెట్టి పేదపిల్లలకి అమ్ముకునేవాళ్లంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

చీపురుపల్లి_వాణి:
సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నాకు జరిగింది రాస్తాను. ఊర్లు, పేర్లు చెప్పను. 28 వేలు కట్టాను. రెండు గదులు, ఒక బొమ్మ, ఒక మంచం. నాలుగు నెలలూ నోట్సు రాసుకోవడమే. ఆస్పత్రికి తీసుకెళ్తామని ప్రతి సోమవారం అనేవారు, ఒక్కసారీ తీసుకెళ్లలేదు. చివరికి రంగు కాగితం మీద వాళ్ల స్టాంపే వేసి ఇచ్చారు. విశాఖలో ఇంటర్వ్యూకి వెళ్తే అక్కడి మేడమ్ ఆ కాగితం పక్కన పెట్టి, "ఈ మంచం మీద రోగి ఉండగానే దుప్పటి మార్చి చూపించమ్మా" అంది. నాకు చేతులు ఆడలేదు. ఇంటికి వచ్చే ప్యాసింజర్‌లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. చెల్లీ, చేరేముందు ఒకటే అడుగు: ఏ ఆస్పత్రిలో, ఎన్ని రోజులు వార్డు డ్యూటీ వేస్తారు? సూటిగా చెప్పలేకపోతే అక్కడి నుంచి వచ్చెయ్.

ఆమదాలవలస_అప్ప:
నేను జీడీఏ చేసి ఐదేళ్లు. డీడీయూ-జీకేవై పథకం కింద ఉచితంగా నేర్చుకున్నాను, బస కూడా వాళ్లదే. 15 నుంచి 35 ఏళ్ల పల్లెటూరి యువత కోసం 2014లో వచ్చిన పథకం అది. మీ మండలంలో డ్వాక్రా సంఘాలు చూసే వెలుగు ఆఫీసుకి వెళ్లి అక్కడి అధికారి ఏపీఎం గారిని అడుగు. మీ అమ్మ డ్వాక్రాలో ఉంది కాబట్టి వాళ్లకి తెలిసే ఉంటుంది. ఏ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో అక్కడే తెలుస్తుంది.

ఇక ఏం నేర్పిస్తారంటే, చేతులు కడుక్కోవడంతో మొదలు. నవ్వకు, రెండు రోజులు అదే. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల చివర్లు. తర్వాత బెడ్ బాత్, నోరు శుభ్రం చేయడం, బెడ్‌పాన్ పెట్టడం, జ్వరం, నాడి, బీపీ చూడటం, తాగిన నీళ్లూ పోసిన మూత్రమూ కొలిచి రాయడం. యూరిన్ బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, అలాగని నేల మీద ఆనించకూడదు. ఏ చెత్త ఏ రంగు సంచిలో వేయాలో కూడా నేర్పుతారు.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒక తాతగారు. పక్షవాతం, కుడివైపు మొత్తం పడిపోయింది. నాలుగో రోజు ఆయన్ని పక్కకి తిప్పితే నడుం కింద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ. మా మేడమ్ నన్ను పిలిచి "వేలుతో నొక్కి వదులు" అంది. నొక్కి వదిలితే మామూలు ఎరుపు తెల్లబడి మళ్లీ ఎర్రగా అవ్వాలి. ఇది తెల్లబడలేదు. "చర్మం పైకి బాగానే ఉంది కదా అనుకుంటాం. పుండు ఇప్పటికే మొదలైపోయింది" అంది మేడమ్. ఆ రోజు నుంచి రెండు గంటలకోసారి ఎడమకి, కుడికి తిప్పేవాళ్లం. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచేవాళ్లం. ఎప్పుడు తిప్పామో మంచానికి కట్టిన కాగితం మీద రాసేవాళ్లం. తొమ్మిది రోజులకి మచ్చ పోయింది. ఆయనకి మాట సరిగా రాదు. నేను డ్యూటీ దిగుతుంటే ఎడమ చెయ్యి ఎత్తి "ఎల్తన్నావా గుంటా" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేను.

చొక్కా వేసే పద్ధతి కూడా ఆయన దగ్గరే వచ్చింది. వేసేటప్పుడు పడిపోయిన చేతికి ముందు, విప్పేటప్పుడు దానికి చివర. రాసుకుంటే ఒక్క వాక్యం. చేతికి రావాలంటే మనిషి కావాలి.

నెల్లిమర్ల_తమ్ముడు:
మగపిల్లలు కూడా చేస్తున్నారు, నేనొకణ్ణి. జూట్ మిల్లు పని లేక ఇటు వచ్చాను. నడుం జాగ్రత్త అక్కా. మోకాళ్లు వంచి, రోగిని ఒంటికి దగ్గరగా పెట్టుకుని లేపాలి. వీల్‌చైర్ బ్రేకు వేశాకే ముట్టుకోవాలి. కుర్చీ రోగికి బలమున్న వైపు పెట్టాలి. మొదటి జీతం 9 వేలు వచ్చింది, ఇప్పుడు 14 వేలు. నైట్లు ఎక్కువ.

పలాస_చిన్నది:
అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మకి ఇవన్నీ చదివి వినిపించాను. అప్పు ఆగిపోయింది. వాణి అక్కా, మీది చదువుతుంటే అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇంకో ప్రశ్న. మగవాళ్లకి ఒళ్లు తుడవాల్సి వస్తే ఎలా? మా ఇంట్లో అదే పెద్ద మాట అయిపోయింది.

ఆమదాలవలస_అప్ప:
నాకూ అదే పెద్ద టెన్షన్. చాలాచోట్ల మగవాళ్లకి మగ అసిస్టెంట్లే చేస్తారు, వాళ్లు లేనప్పుడు మనమే. తెర లాగు. ఏం చేస్తున్నావో ముందు చెప్పు: "తాతా, ఇప్పుడు వీపు తుడుస్తాను". తుడిచే భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటితో కప్పి ఉంచు. సిగ్గు మన కంటే వాళ్లకే ఎక్కువ అమ్మా. అది అర్థమైన రోజున నా సిగ్గు పోయింది.

విజయనగరం_సిస్టర్:
ఇంకో మాట, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. ఇంజెక్షన్ చేయడం, సెలైన్ ఎక్కించడం జీడీఏ పని కాదు. చిన్నచోట్ల "నువ్వే వేసెయ్" అంటారు. "నాకు నేర్పలేదు, సిస్టర్‌ని పిలుస్తాను" అనాలి. ఏదైనా అయితే ప్రాణం రోగిది, కేసు నీది.

నా సలహా అయితే ఇంటర్ ఉంది కాబట్టి నేరుగా ఏఎన్‌ఎం, కుదిరితే జీఎన్‌ఎం చూసుకో.

ఆమదాలవలస_అప్ప:
సిస్టర్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, అందరి ఇళ్లూ రెండు మూడేళ్లు ఆగలేవు. నేను జీడీఏ జీతంతో తమ్ముడి ఫీజు కట్టాను. ఇప్పుడు ఏఎన్‌ఎంకి అప్లై చేస్తున్నాను. వార్డు చూసి వెళ్లడం వల్ల భయం లేదు.

విజయనగరం_సిస్టర్:
అది కూడా నిజమే తల్లీ. నువ్వు తప్పకుండా చదువు.

బొబ్బిలి_నాన్న:
మా అమ్మాయి అమెరికాలో సీఎన్‌ఏ, అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్. ఇక్కడి సర్టిఫికెట్‌తో అక్కడ ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడ 1987లో వచ్చిన చట్టం ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ, అందులో 16 గంటలు దగ్గరుండి చేయించే ప్రాక్టికల్. చాలా రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువే. తర్వాత రాతపరీక్ష, చేసి చూపించే పరీక్ష. పాసైతే ఆ రాష్ట్రం రిజిస్ట్రీలో పేరు ఎక్కుతుంది. మా అమ్మాయి పెళ్లయి వెళ్లాక మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది.

పలాస_చిన్నది:
మావయ్య గురించి ఒకటి అడగాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు కదా. మా ఉద్దానం ప్రాంతమంతా ఈ కిడ్నీ జబ్బు బాధే. డయాలసిస్ రోగుల దగ్గర పనిచేయాలంటే ప్రత్యేకంగా ఏం తెలియాలి?

విజయనగరం_సిస్టర్:
మిషను నడపడం డయాలసిస్ టెక్నీషియన్ పని, దానికి వేరే చదువుంది. నువ్వు చూసుకోవాల్సింది ముఖ్యంగా ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయనివ్వకూడదు, గాజులూ వాచీ బిగుతుగా ఉండకూడదు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు. ఫిస్టులా మీద వేళ్లు ఆనిస్తే తుమ్మెద రొదలా జుమ్మని తగలాలి. తగలకపోతే వెంటనే చెప్పాలి. తాగే నీళ్లు డాక్టర్ చెప్పిన లెక్కే. కొబ్బరినీళ్లు ప్రేమగా పట్టేస్తారు మనవాళ్లు, అందులో పొటాషియం ఎక్కువ, వాళ్లకి ప్రమాదం.

పలాస_చిన్నది:
ఇప్పుడే మావయ్య చెయ్యి పట్టుకుని చూశాను. జుమ్మంటోంది! రెండేళ్లుగా ఆ చెయ్యి చూస్తున్నాను, ఎప్పుడూ తాకలేదు. సోమవారం అమ్మా నేనూ వెలుగు ఆఫీసుకి వెళ్తున్నాం.

నెల్లిమర్ల_తమ్ముడు:
ఆల్ ది బెస్ట్ అక్కా. సెకన్ల ముల్లున్న వాచీ ఒకటి దగ్గర పెట్టుకో, ఫోన్‌తో కుదరదు. నాడి చూశాక వేళ్లు తీయకుండా అలాగే ఉంచి, చెప్పకుండా ఊపిరి లెక్కపెట్టాలి. చెబితే వాళ్లు ఊపిరి మార్చేస్తారు.

పలాస_చిన్నది:
వాచీ దొరికింది తమ్ముడూ. ఫిస్టులా పెట్టాక మావయ్య ఎడమ చేతి వాచీ తీసేశాడు, కుడిచేతికి అలవాటు పడలేదు. బీరువాలోంచి తీసి ఇచ్చాడు. నడుస్తోంది.