కుక్క, పిల్లి సామాను రెండు గదుల ఇంట్లో ఎలా సర్దుకోవాలి?

బెల్లం వాళ్ల అమ్మ, విజయవాడ

మాది రెండు గదుల ఇల్లు. మూడేళ్ల కిందట సందు చివర దొరికిన వీధికుక్క పిల్ల బెల్లం. ఈ ఏడాది వానల్లో మెట్ల కిందకు చేరిన నల్లపిల్లి మిరియం. ఈ రెండింటి సామాను ఇల్లంతా పరచుకుంది. తాడు బొమ్మలు మంచం కింద, బెల్టు ఒకరోజు తలుపు వెనక, ఒకరోజు సోఫాలో, పిడుదుల మందు చీరల బీరువాలో. మొన్న రాత్రి అత్తయ్యగారు బంతి మీద కాలేసి తూలారు. గోడ అందబట్టి సరిపోయింది. ఆవిడకు అసలే మోకాళ్ల నొప్పులు.

అంతకన్నా బాధపడింది ఆదివారం. ఎదురింటి పాప ఆడుకుంటుంటే బెల్లం గోరు చేతికి గీసుకుంది. "రేబిస్ టీకా వేయించారా?" అని వాళ్ల అమ్మ అడిగింది. ఏటా వేయిస్తున్నాను. కానీ ఆ టీకాల పుస్తకం కోసం ముప్పావుగంట వెతికాను. కరెంటు బిల్లుల కవరులో దొరికింది. అంతసేపూ ఆ తల్లి ముఖంలోకి చూడలేకపోయాను.

ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని అన్నీ అందులో వేసేద్దామనుకుంటున్నాను. అలా చేసినవాళ్లున్నారా?

రెండు కుక్కల ఇల్లు, హైదరాబాద్

ముందు పాప సంగతి చెప్పండమ్మా. గీత పడ్డ చోట సబ్బు రాసి, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, డాక్టరుకు చూపించారా? కుక్కకు టీకా ఉన్నా ఇది మానకూడదు. చూపించకపోతే ఇవాళే వెళ్లమనండి.

డబ్బా మాత్రం కొనకండి. నేను 80 లీటర్లది కొన్నాను. నెల తిరిగేసరికి ఏది కావాలన్నా అది అడుగునే ఉండేది. పని ఎక్కడ జరుగుతుందో వస్తువు అక్కడ ఉంటేనే చేతికి అందుతుంది. షికారు గుమ్మం దగ్గర మొదలవుతుంది కాబట్టి గుమ్మం పక్కన రెండు మేకులు కొట్టించండి. ఒకదానికి బెల్టు, ఇంకోదానికి గుడ్డసంచి. సంచిలో మలం ఎత్తడానికి పాత పేపరు ముక్కలు, వానలో తిరిగొస్తే కాళ్లు తుడవడానికి ఒక పాత తువాలు. మా ఇంట్లో దీనితోనే సగం వెతుకులాట తగ్గింది.

డాగ్‌ఫుడ్ 10 కిలోల సంచి తెస్తే విప్పి డబ్బాలో గుమ్మరించకండి. సంచితో సహా స్టీలు బియ్యం డ్రమ్ములోకి దించి, సంచి మూతి మడిచి క్లిప్పు పెట్టండి. గడువు తేదీ, బ్యాచి నంబరు సంచి మీదే ఉంటాయి. తిండి పడక వాంతులైతే డాక్టరు అడిగేది అవే. పైగా ప్లాస్టిక్ డబ్బా గోడలకు పాత గింజల నూనె పట్టేసి, కొత్త గింజలకు కూడా ఆ వాసన అంటుతుంది.

బొమ్మలు మూడే బయట ఉంచండి. మిగతావి అటక మీద పెట్టి, వారానికోసారి మార్చండి. వారం కనబడని బొమ్మను మా పిల్లలు కొత్తది తెచ్చినట్టే పట్టుకుపోతాయి. మూడే అయితే రాత్రి దీపం ఆర్పేముందు ఏరడం తేలిక, అత్తగారి కాళ్ల కిందకు రావు.

మూడు పిల్లులతో, విశాఖపట్నం

పిల్లి ఉన్న ఇంట్లో సర్దడమంటే కొన్నిటిని దాచడం కూడా. మీ పిడుదుల మందు పెట్టె మీద పర్మెత్రిన్ అని రాసి ఉందేమో ఈ క్షణమే చూడండి. కుక్కలకు వాడే ఆ మందు పిల్లికి విషం. వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. బెల్లం ఒంటికి రాస్తే, పక్కన పడుకున్న మిరియానికి అంటవచ్చు. అదే అయితే ఇంట్లో పిల్లి ఉందని డాక్టరుతో చెప్పి వేరే మందు రాయించుకోండి.

ఇంకొకటి దారం. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి కాబట్టి నోట్లోకి పోయిన దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. మా పెద్దది ఊలు మింగితే పేగులు ముడుచుకుపోయి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఈకల కర్ర ఆట కాగానే సొరుగులోకి పోవాలి. అత్తయ్యగారి కుట్టుపెట్టెకు మూత ఉండాలి. పోగులు లేచిన తాడు బొమ్మ బెల్లానికి కూడా ఇవ్వకండి. వాటి దుప్పట్లు దాచే పెట్టెలో కలరా ఉండలు వేయవద్దు, రెండింటికీ విషమే.

బెల్లం వాళ్ల అమ్మ, విజయవాడ

పాపకు ఆ రోజే కడిగించి, ఆసుపత్రికి మేమే తీసుకెళ్లాం. మొదటి సూది వేశారు.

మందు పెట్టె చూశాను. పర్మెత్రినే. చేతులు చల్లబడ్డాయి. సాయంత్రమే డాక్టరుగారి దగ్గర మార్పించాను. వాడి పదిహేను రోజులైంది, మిరియం బాగానే ఉందన్నారు. మీరు చెప్పకపోతే మళ్లీ రాసేదాన్ని.

మావారు మేకులు కొట్టారు. టీకాల పుస్తకం బెల్టు పక్కనే కవరులో వేలాడుతోంది. దాని ఫొటో అత్తయ్యగారి ఫోనులో కూడా పెట్టాను. మూడు బొమ్మలు వేయడానికి ఆవిడ పాత చీరతో సంచి కుట్టారు. ఇక మిరియం ఇసుక తొట్టె ఒక్కటే మిగిలింది. బాల్కనీలో జల్లు కొడుతోంది, స్నానాలగదిలో పెడితే ఎవరో ఒకరు తలుపు వేసేస్తున్నారు.

మూడు పిల్లులతో, విశాఖపట్నం

స్నానాలగదే మేలు. తలుపును జానెడు తెరిచి ఉంచేలా గోడకు కొక్కెం బిగించండి. తిండి గిన్నె మాత్రం ఆ దరిదాపుల్లో పెట్టకండి, తొట్టె పక్కన పిల్లి తినదు.