“మా ఇల్లు” ఎప్పుడు “మన ఇల్లు” అవుతుంది?

చికాగో క్లబ్బుల్లో పుట్టిన డాన్స్ సంగీతం ‘హౌస్’ మీద ఒక చిన్న పత్రికకు వ్యాసం రాస్తూ ఒక్క మాట అనువాదం దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. సాయం చేయండి.

1987లో రిథమ్ కంట్రోల్ పేరుతో ‘మై హౌస్’ అనే రికార్డు వచ్చింది. అందులో చక్ రాబర్ట్స్ పాడడు, ప్రసంగిస్తాడు. అచ్చం పాస్టరు గొంతు. తర్వాత ఆ ప్రసంగాన్ని లారీ హెర్డ్ చేసిన ‘కెన్ యూ ఫీల్ ఇట్’ అనే హౌస్ ట్రాక్ మీద కలిపారు. ఇది నా ఇల్లు అని మొదలుపెట్టి, నేనంత స్వార్థపరుణ్ణి కాను, నువ్వు లోపలికి వచ్చాక ఇది ‘అవర్ హౌస్’ అంటాడు. నల్లవాడివైనా తెల్లవాడివైనా ఇక్కడ తేడా లేదంటాడు.

“నా ఇల్లు” అని రాస్తే తెలుగులో ఆస్తి తగాదాలా వినిపిస్తోంది. ఒక్కళ్లమే ఉంటున్నా “మా ఇంటికి రండి” అంటాం కదా. ‘మై’కే ‘మా’ ఖర్చుపెట్టేస్తే ‘అవర్’కి ఏం మిగులుతుంది?

విజయవాడ నుంచి:
‘మన’ మిగిలే ఉందిగా మేడమ్! ‘మా’ అంటే ఎదుటివాడు గుమ్మం బయట, ‘మన’ అంటే లోపల. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే ‘అవర్’, అందుకే పాపం ఆయన స్వార్థపరుణ్ణి కానని అంత విడమరిచి చెప్పుకున్నాడు. మనకు ఒక్క అక్షరం మారిస్తే సరి.

ఖమ్మం నుంచి:
ఆ ప్రసంగం మొదలే బైబిలు ఫక్కీ అండి. ఆదిలో జాక్ ఉన్నాడు, జాక్‌కి ఒక గ్రూవ్ ఉంది అని ఎత్తుకుంటాడు. జాక్ అంటే ఆ ప్రసంగంలో హౌస్‌ని సృష్టించే కల్పిత పాత్ర. చర్చిలో పెరిగినవాళ్లకు “ఆదియందు వాక్యముండెను” వెంటనే చెవిలో మోగుతుంది. కాబట్టి “ఆదియందు జాక్ ఉండెను” అనండి, వాడుక భాషలోకి దించితే ఆ చిలిపితనం పోతుంది. యూదుడైనా అన్యజనుడైనా ఒకటే అనే మాట కూడా ఉంది. “యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు” అన్న గలతీయుల పత్రిక వాక్యం గుర్తుకు రావడం లేదూ? నల్లవాళ్ల చర్చి ప్రసంగాన్ని తెచ్చి డాన్స్ ఫ్లోర్ మీద నిలబెట్టాడు. గ్రూవ్‌కి ‘ఊపు’ చాలు. ‘పూనకం’ మాత్రం వద్దు, అందులో దేవత బయటినుంచి రావాలి.

చికాగో నుంచి:
ఇల్లు ఇల్లు అంటున్నారు గానీ, ఆ ‘హౌస్’ పుట్టింది గోదాములో! సౌత్ జెఫర్సన్ వీధి, 206 నంబరు. వేర్‌హౌస్ క్లబ్బు. 1977 నుంచి 1982 దాకా అక్కడ డీజే ఫ్రాంకీ నకుల్స్. వేర్‌హౌస్‌లో వేసే పాటలు అని చెప్పీ చెప్పీ ‘హౌస్’ మిగిలిందనేది ఎక్కువమంది చెప్పే కథ. ఇంట్లోనే డ్రమ్ మెషీన్‌తో చేసుకున్నారు కాబట్టి ఆ పేరనే వాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఆ వీధిలో ఆయన పేరుతో గోధుమరంగు బోర్డుంది, 2004లో పెట్టారు. నేను పక్కనే పనిచేస్తూ రెండేళ్లు దాన్ని గమనించలేదు, సిగ్గేస్తుంది.

ఆ క్లబ్బుకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే కుర్రాళ్లు. ఇంటా బయటా చోటు దొరకని పిల్లలు. 1979 జూలై 12న ఇదే ఊళ్లో కోమిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో డిస్కో అంటే పడనివాళ్లు ఆ రికార్డులు పోగేసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకడంతో ఆ రోజు జరగాల్సిన రెండో ఆటే జరగలేదు. అప్పుడు అక్కడ అషర్‌గా, అంటే ప్రేక్షకులకు సీట్లు చూపించే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ తర్వాత హౌస్ నిర్మాత అయ్యాడు. జనం తెచ్చినవి డిస్కో రికార్డులే కావు, నల్లవాళ్ల రికార్డులు ఏవి దొరికితే అవి తెచ్చారని ఆయన చెబుతుంటాడు. అలాంటి ఊళ్లో ఒకడు మైకు పట్టుకుని “ఇది నా ఇల్లు” అన్నాడు. దాన్ని ఊరికే ‘మా’ చేసేయకండి.

హైదరాబాద్ నుంచి:
‘మన’ గురించి నాకొక అనుమానం. అద్దె ఇంటికి వెళ్లినప్పుడు ఓనర్ ఆంటీ మంచినీళ్లిచ్చి, “మీరేవిట్లమ్మా?” అని అడిగింది. చెప్పాను. లోపలికెళ్లి ఫోన్లో ఎవరితోనో “మనోళ్లు కాదంట” అంది. సామాను ఆటోలోనే ఉంది. మీరు ఇంత ముచ్చటపడుతున్న ‘మన’ ఇదే కదా అక్కా?

విజయవాడ నుంచి:
నిజమే తమ్ముడూ. వ్యాకరణం వరకే ఆలోచించాను.

పోస్టు పెట్టినావిడ:
తమ్ముడి మాట చదివాక నా డ్రాఫ్టు కొట్టేశాను. చికాగో అన్నగారు చెప్పినట్టు మొదట “నా ఇల్లు” అనే ఉంచుతున్నాను, ఆస్తి తగాదాలా ఉన్నా సరే. తగాదా ఉంది కాబట్టే కదా! తర్వాతి వాక్యం ఇలా అనుకుంటున్నా: “నువ్వు గుమ్మం దాటావుగా, ఇక ఇది నీదీ నాదీ.” ‘మన’ వాడలేదు. జాక్ మాత్రం “ఆదియందు ఉండెను”, ఖమ్మం వారికి థాంక్స్. జాక్‌కి తెలుగు పేరు పెట్టమని ఎడిటర్ గోల చేస్తున్నారు, ఎవరైనా నాకు సపోర్ట్‌గా రెండు ముక్కలు రాయండి.