తప్పు తన మీద వేసుకునే బాస్‌ని కళ్లు మూసుకుని నమ్మేయొచ్చా?

కూకట్‌పల్లి కోడర్:
మా లంచ్ టేబుల్ గొడవ ఇక్కడికి తెస్తున్నా. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు అబ్దుల్ కలాం గారిది. విలేకరుల ముందు బాధ్యత తీసుకున్నది మాత్రం ఇస్రో చైర్మన్ సతీశ్ ధవన్. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక ప్రెస్ మీట్‌కి కలాం గారినే వెళ్లమన్నారు. నింద తనకి, పేరు టీంకి. నమ్మదగిన లీడర్‌కి ఇంతకు మించి పరీక్ష ఉందా?

సాంబారిడ్లీ:
ఉంది. మా పాత మేనేజర్ క్లయింట్ దగ్గర మమ్మల్ని ఒక్క మాట కూడా పడనిచ్చేవాడు కాదు. బంగారం లాంటి మనిషి. ప్రాజెక్టు మూతపడుతోందని ఆయనకి నెలల ముందే తెలుసు, మాకు చెప్పలేదు. "టెన్షన్ పడతారని ఆగానమ్మా" అన్నాడు. ఆలోపే మా టీంలో ఒకతను హోమ్ లోన్ తీసుకున్నాడు.

పటాన్‌చెరు షిఫ్ట్ ఇన్‌ఛార్జ్:
మాది మందుల తయారీ. నైట్ షిఫ్టులో రియాక్టర్ టెంపరేచర్ కాసేపు లిమిట్ దాటిందనుకోండి. వెంటనే డీవియేషన్ రాయాలి, అంటే పద్ధతి తప్పిందని రికార్డు చేయాలి; నాణ్యత చూసే క్యూఏ విభాగానికి చెప్పాలి. విచారణ అనగానే ఆపరేటర్‌కి చెమటలు. "పోన్లే, కుర్రాడు భయపడుతున్నాడు, మామూలు రీడింగే వేసెయ్" అనే ఇన్‌ఛార్జ్ అంటే అందరికీ ఇష్టమే. కానీ లాగ్‌బుక్‌లో సంతకం ఆ కుర్రాడిది. రేపు ఆడిట్‌లో కంప్యూటర్ రికార్డుకీ చేత్తో రాసినదానికీ తేడా వస్తే ఈయన మంచితనం ఏ కాగితం మీదా కనపడదు. డీవియేషన్ రాయించి, విచారణలో పక్కన కూర్చునేవాణ్ణే నేను నమ్ముతా.

ధవన్ గారి విషయంలోనూ జనం సగమే చెబుతారు. బయట నింద మోశారు సరే, లోపల తప్పు వెతకడం మానలేదు. రెండో దశ కంట్రోల్ సిస్టంలో యాసిడ్ లీకైందని తేల్చి, సరిచేశాకే మళ్లీ ఎగరేశారు. కంప్యూటర్ ఆపమన్నా ప్రయోగానికి వెళ్లాలన్న నిర్ణయం తనదేనని కలాం గారే తర్వాత చెప్పారు. అయినా ప్రాజెక్టు ఆయన చేతిలోనే ఉంచారు.

కూకట్‌పల్లి కోడర్:
ఒప్పుకుంటా అన్నా. మా దగ్గర మాత్రం విచారణ అంటే మెయిల్‌లో ఎవరి పేరు పెట్టాలా అన్న వెతుకులాటే.

రిటైర్డ్ అకౌంటెంట్:
సత్యం కంప్యూటర్స్ సంగతి ఎవరూ ఎత్తరేం? దాని చైర్మన్ రామలింగరాజు గారికి అప్పట్లో ఉన్న పేరు తెలుసుగా, 108 అంబులెన్సులు మొదలుపెట్టిన మనిషి. 2009 జనవరి 7న బోర్డుకి రాసిన లేఖలో ఐదు వేల కోట్ల పైచిలుకు నగదు, బ్యాంకు నిల్వలు అసలు లేవని ఆయనే చెప్పారు. బోర్డు సభ్యులకి ఏమీ తెలియదంటూ భారమంతా తన మీదే వేసుకున్నారు. కోడర్ గారి పరీక్షలో పాసైనట్టే మరి!

కూకట్‌పల్లి కోడర్:
అదెలా అండీ? రాకెట్ ఫెయిలవడం, లెక్కలు మార్చడం ఒకటేనా?

రిటైర్డ్ అకౌంటెంట్:
కాదు. అందుకే చివర్లో ఏం మోశాడన్నది చూసి సర్టిఫికెట్ ఇవ్వకండి. ఏళ్ల తరబడి లాభాలు పెంచి చూపిస్తూ వచ్చామని ఆ లేఖలోనే ఉంది. అన్నేళ్లూ అక్కడ పనిచేసిన వేలమందికి తమ కంపెనీ అసలు స్థితి తెలియదు. 2015లో కోర్టు శిక్ష వేసేనాటికి వాళ్లు ఎక్కడెక్కడో సర్దుకున్నారు.

గాజువాక అక్క:
ఇంత పెద్ద కేసులెందుకు, అప్రైజల్ చూడండి. మా ఆఫీసులో ఎవరో ఒకరికి కింది రేటింగ్ పడి తీరాలి. మా మేడం సగం ఏడాదికే నన్ను పిలిచి, "ఇప్పటికైతే ఆ పేరు నీదే, కారణాలివి" అని మొహం మీదే చెప్పింది. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కానీ ఇప్పటిదాకా నేను పనిచేసిన బాసుల్లో నమ్మింది ఆవిణ్ణే.

సాంబారిడ్లీ:
అది బెదిరింపులా లేదూ?

గాజువాక అక్క:
బెదిరింపే అనుకోమ్మా. సరిచేసుకోడానికి ఆర్నెల్లు టైం దొరికింది.

కూకట్‌పల్లి కోడర్:
మావాడు మార్చిలో చెప్తాడు అక్కా, "పైవాళ్ల నిర్ణయం" అని.