చెవిన పడటం, చెవిన పెట్టడం, బుర్రకెక్కడం: మూడూ ఒకటేనా?

అందరికీ నమస్కారమండీ. మా వైజాగ్‌లో పిల్లల్ని తిట్టేటప్పుడు "చెప్పింది చెవిన పెట్టవేట్రా, నీ బుర్రకెక్కదేటి" అని రెండూ ఒకే ఊపులో అనేస్తారు, నాకైతే ఇవి వేరువేరు సంగతులనిపిస్తుంది, వీటికంటే ముందు "చెవిన పడటం" అని ఇంకోటుంది, మూడిట్లో క్రియ ఎలా మారిందో చూడండి. పడటం దానంతటదే జరిగిపోతుంది. పెట్టడం మనిషి చేసే పని. ఎక్కడం దగ్గరికొచ్చేసరికి కర్త మళ్ళీ మాటే, "పాఠం బుర్రకెక్కింది" అంటాం.

మెదడు మీద జరిగిన పరిశోధనలు చదువుతుంటే ఈ మూడు మెట్లూ కనిపించాయి, అందుకే రాస్తున్నా. ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటనెన్, ఆయన తోటివాళ్ళు 1978లో చూపించిందేంటంటే, ఒకేలా వస్తున్న శబ్దాల మధ్య ఒకటి తేడాగా వస్తే, మనం దాన్ని పట్టించుకోకపోయినా సరే ఈఈజీలో (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ సిగ్నళ్ళు కొలిచే పరీక్ష) మెదడు స్పందన కనిపిస్తుంది. అదీ చెవిన పడటం. ఇక చెవిన పెట్టడం సంగతికొస్తే, 2012లో మెస్గరాని, చాంగ్ అనే ఇద్దరు, మెదడు మీద నేరుగా ఎలక్ట్రోడ్లు ఉన్న పేషెంట్లకి ఒకేసారి రెండు గొంతులు వినిపించారు, ఏ గొంతు మీద ధ్యాస పెట్టమన్నారో ఆ గొంతే మెదడు సిగ్నల్లో స్పష్టంగా దొరికింది, అంటే మా ఊరి పూర్ణా మార్కెట్ గోలలో మనవాళ్ళ మాట ఒక్కటే పట్టుకోవడం లాంటిదన్నమాట.

ఎక్కడం ఇంకా ఆలస్యం. "ఇడ్లీలోకి గొడుగు నంజుకున్నాడు" అంటే గొడుగు దగ్గర మీరు ఆగారు కదా, అలా అర్థం కుదరని మాట వచ్చాక దాదాపు 400 మిల్లీసెకన్లకి ఈఈజీలో ఒక మార్పు వస్తుందని 1980లో కుటాస్, హిల్యార్డ్ రాశారు, దాన్ని ఎన్400 అంటారు.

జవాబు: బావుందండీ, కానీ "బుర్రకెక్కించుకో" అని కూడా అంటాం కదా మాస్టారూ, అప్పుడు కర్త మనిషే.

నా జవాబు: మంచి మాట పట్టారండీ, నేను రాయాల్సింది అది. అయితే "ఎక్కించుకో" అనేది ప్రయత్నం, "ఎక్కింది" అనేది ఫలితం, ఎంత ఎక్కించుకుందామన్నా ఎక్కని రోజులుంటాయి. 2016లో లుండ్‌క్విస్ట్, మిల్లర్ వాళ్ళు కోతుల మీద చేసిన పనిలో, ఏదైనా కాసేపు గుర్తుంచుకునేటప్పుడు మెదడు ముందుభాగంలో గామా తరంగాలు (మెదడులో వేగంగా ఊగే విద్యుత్ తరంగాలు) ఆగకుండా సాగవని, చిన్న చిన్న బర్స్ట్‌లుగా వచ్చి పోతుంటాయని తేలింది. చాలాసార్లు కొలిచి సగటు తీస్తే నున్నగా సాగే గీతలా కనపడేది, ఒక్కోసారి విడిగా చూస్తే విడతలు విడతలుగా ఉంటుంది. పిల్లాడు కళ్ళు తెరుచుకుని కూర్చున్నా ధ్యాస ఎడతెగకుండా ఉంటుందనుకోవడం నాకు న్యాయం అనిపించట్లేదు, వాడి చెవిన పడింది, పెట్టాడు కూడా, ఎక్కలేదంతే, మళ్ళీ ఇంకోలా చెప్పాలి, అంతేగానీ మొద్దు అనెయ్యకూడదు.

మరో జవాబు: మరి "పెడచెవిన పెట్టడం"?

నా జవాబు: అది వేరండీ, అది విని, అర్థమై, కావాలని వదిలేయడం. పిల్లల మీద ఈ మాట వాడేముందు మాత్రం నిజంగా ఎక్కిందో లేదో ఓసారి కనుక్కోవాలి. విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్ళు ఈ నాలుగింటికీ ఏమంటారో రాయండి, ముఖ్యంగా ఎక్కడానికి.