తొమ్మిదేళ్ల బాబుకు చదవడం రావడం లేదు, తిరుపతిలో ఎక్కడ చూపించాలి?

నమస్కారం. తిరుపతిలో మాకు చిన్న టిఫిన్ బండి ఉంది. మా అబ్బాయి నాలుగో తరగతి, తెలుగు మాధ్యమం. ఆరు ప్లేట్ల ఇడ్లీ, రెండు దోసెలకు ఎంతైందో నాకన్నా ముందే నోటితో చెప్పేస్తాడు. రాయమంటే మాత్రం 61కి 16 వేస్తాడు. ‘వల’ను ‘పల’ అంటాడు, ఒత్తులు దాటేస్తాడు. నిన్న ‘విస్తరాకు’ అన్న ఒక్క మాట దగ్గర పది నిమిషాలు తంటాలు పడి, పుస్తకం మూసేసి నీళ్ల వంకతో లేచి వెళ్లిపోయాడు.

బడిలో బద్ధకం అన్నారు. మా అత్తగారు దిష్టి తీశారు. పోనీలే, దానివల్ల నష్టమేమీ లేదు. కళ్లు, చెవులు పరీక్ష చేయించాం, బాగానే ఉన్నాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ఇబ్బంది) కూడా ఉందని చదివాను. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షతో నిర్ధారిస్తారట. దానికి బెంగళూరు వెళ్లాల్సిందేనా? తిరుపతిలోనో చిత్తూరులోనో, తెలుగులోనే పరీక్షించేవారు ఉన్నారా? ఆ వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే బడి పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారా?

సాయంత్రం బండి పెట్టేలోపు నాకు అరగంట దొరుకుతుంది. పళ్లెంలో బియ్యప్పిండి పోసి వేలితో అక్షరాలు దిద్దిస్తున్నాను. ‘వ’ కాస్త కుదిరింది. ఒత్తులకు మీ పిల్లలతో ఏం చేయించారు?