తప్పంతా తన నెత్తిన వేసుకునేవారికి సామెత ఉందా?

తప్పు పక్కవాడి మీదకు నెట్టేవాళ్లను దెప్పడానికి మనకు సామెతల కొదవ లేదు. ఆడలేక మద్దెల ఓడు అంటాం. గురివింద తన నలుపెరగదంటాం. వేమన అయితే 'తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు' అని తేల్చేశాడు. మరి ఏం జరిగినా 'నాదే తప్పు' అని కుమిలిపోయేవాళ్ల సంగతేమిటి? వాళ్లను ప్రేమగా మందలించే సామెత ఒక్కటీ నాకు తట్టడం లేదు.

మొన్న వాన వెలిశాక మద్దిలపాలెం బస్‌స్టాపు దగ్గర ఒక ఆటో గుంటలోంచి దూసుకుపోయి ముగ్గురి మీద బురద చిమ్మింది. ఒకాయన డ్రైవర్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. పక్కనున్న పెద్దావిడ 'పోనీ బాబూ, వానాకాలం కదా, ఏటి చేస్తాం' అంది. కాలేజీ అమ్మాయి మాత్రం చున్నీ దులుపుకుంటూ 'నా బుద్ధి గడ్డి తిని ఇక్కడ నిలబడ్డాను' అని తనను తానే తిట్టుకుంది. బస్‌స్టాపులో కాక ఇంకెక్కడ నిలబడాలి ఆ పిల్ల?

సాల్ రోజెన్‌జ్వైగ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1940లలో తయారుచేసిన బొమ్మల పరీక్షలో అచ్చం ఇలాంటి బొమ్మ ఉంది. కారు నీళ్లు చిమ్ముతుంది, డ్రైవరు సారీ చెబుతాడు, తడిసిన మనిషి ఏమంటాడో మనం రాయాలి. అలాంటి బొమ్మలు 24. నింద ఎదుటివారి మీదకు పోయిందా, తన మీదకా, ఎవరి మీదకూ పోకుండా సర్దుకుందా అని చూస్తారు. ఒక్క జవాబును బట్టి స్వభావం తేల్చరు, అన్నిటిలో కలిపి మొగ్గు ఎటుందో లెక్క కడతారు.

మన ఇళ్లలో మొదటి రకానికి చీవాట్లు, మూడో రకానికి 'చలనం లేని మనిషి' అన్న పేరు. రెండో రకాన్ని, ముఖ్యంగా ఆడపిల్ల అయితే, 'ఎంత మంచిదో' అని మెచ్చుకుంటాం. ఆ మెప్పే నాకు బాధగా ఉంటుంది. అందుకే సామెత వెతుకుతున్నాను.

వ్యాఖ్య: 'తిలాపాపం తలా పిడికెడు' సరిపోదా మాస్టారూ?

జవాబు: అది తప్పును నలుగురికీ పంచే మాటండి. నేనడుగుతున్నది ఒక్కరే మోసేవాళ్ల గురించి.

వ్యాఖ్య: సామెతో కాదో తెలీదు గానీ, అనకాపల్లిలో మా అమ్మమ్మ మా పిన్నిని 'ఊళ్లో తప్పులన్నీ నీ కొంగున ముడేసుకోకే' అనేది.

జవాబు: నాకు కావలసింది ఇదేనండి! డబ్బు, తాళాలు ముడేసుకునే చోట తప్పులు ముడేసుకోవడం. ఇంకెవరి ఇంట్లోనైనా ఈ మాట విన్నారా? ఏ ఊరో కూడా రాయండి.