నిజమైన పేర్ల మధ్య ఒక కల్పిత ప్రత్యర్థి: 'రాకెట్ బాయ్స్' చేసింది న్యాయమేనా?

గోదారి ప్రేక్షకుడు:
మన అణు, అంతరిక్ష శాస్త్రవేత్తల కథతో 2022లో సోనీలివ్‌లో వచ్చిన వెబ్ సిరీస్ 'రాకెట్ బాయ్స్' ఇంట్లోవాళ్లతో కలిసి మళ్లీ చూశాను. హోమీ భాభాగా జిమ్ సర్బ్, విక్రమ్ సారాభాయ్‌గా ఇష్వాక్ సింగ్, సారాభాయ్ భార్య మృణాళినిగా మన రెజీనా, అందరూ బాగా చేశారు. కేరళలోని తుంబాలో చర్చినే ఆఫీసు చేసుకుని 1963లో తొలి రాకెట్ వదిలిన ఘట్టం వస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నా అభ్యంతరమల్లా రజా మెహదీ పాత్ర మీదే. కలకత్తా శాస్త్రవేత్త, రాజకీయాల్లోకి వచ్చి భాభాను నిలదీస్తాడు. చరిత్రలో ఆ చోట ఉన్నది భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా. ఆయన జీవితంలోంచి ముక్కలు తీసుకుని, పేరూ మతమూ మార్చి, అసూయ రగిలే మనిషిగా చూపించారు. ఇలా చేయవచ్చా?

కథే ముఖ్యం:
చేయవచ్చండీ. ఇది డాక్యుమెంటరీ కాదు. ఎదురు నిలబడే మనిషి లేకపోతే ఎనిమిది ఎపిసోడ్లు ఎలా నడుస్తాయి? పైగా సాహా పేరే పెట్టి, ఆయన అనని మాటలు అనిపిస్తే అప్పుడు తప్పు. పేరు మార్చడం ఆయన గౌరవం కాపాడటమే. చెర్నోబిల్ అణు ప్రమాదం మీద వచ్చిన 'చెర్నోబిల్' సిరీస్‌లో శాస్త్రవేత్త ఉలానా ఖోమ్యుక్ పాత్ర కూడా కల్పితమే కదా. దాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు, దీనికి మాత్రం ఎందుకీ గొడవ?

ఫిజిక్స్ మేడమ్:
సాహా ఎవరో తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. 1893లో ఢాకా దగ్గర పల్లెలో, కింది కులంగా చూసే కుటుంబంలో పుట్టారు. తండ్రిది చిన్న కిరాణా కొట్టు. కలకత్తా హాస్టల్లో కులం పేరిట అవమానాలు పడ్డారు. వేడికి పరమాణువులు ఎంతమేర ఎలక్ట్రాన్లు కోల్పోతాయో లెక్కగట్టే అయనీకరణ సమీకరణాన్ని ఆయన 1920లో ఇచ్చారు. దానితోనే నక్షత్రాల వర్ణపటం చూసి వాటి ఉష్ణోగ్రత అంచనా వేయడం సాధ్యమైంది. ఈనాటికీ ఎమ్మెస్సీ సిలబస్‌లో ఉంది. భారత ప్రభుత్వ గెజిట్‌లో మామూలు తేదీతో పాటు శక సంవత్సరం తేదీ కూడా అచ్చవుతుంది చూడండి, ఆ క్యాలెండర్ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడూ ఆయనే.

1952లో లోక్‌సభకు గెలిచారు. అణుశక్తి పనంతా రహస్యంగా, కొద్దిమంది చేతుల్లోనే ఎందుకు జరుగుతోందని 1954లో సభలో అడిగారు. అది అసూయ కాదు, ఎంపీగా ఆయన బాధ్యత.

సిరీస్ పిచ్చి:
మేడమ్ చెప్పింది చదివాక నాకు రెండో సీజనే ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తోంది. 1966లో మాంట్ బ్లాంక్ మీద కూలిన ఎయిరిండియా విమానంలో భాభా పోయారు. కొండకు ఎటువైపు ఉన్నామన్నది పైలట్ పొరబడ్డాడని విచారణలో తేల్చారు. సిరీస్ చూసినవాళ్లు మాత్రం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కుట్రేనని ఖాయం చేసుకుంటారు. మా తమ్ముడు ఇప్పుడు అదే వాదిస్తున్నాడు.

గోదారి ప్రేక్షకుడు:
'కథే ముఖ్యం' గారూ, మీరెత్తిన 'చెర్నోబిల్' ఉదాహరణే నా వాదనకు బలం. ఎంతోమంది శాస్త్రవేత్తల తరఫున ఉలానాను సృష్టించామని చివర్లో తెరమీద రాసి మరీ చెప్పారు. వాళ్లకు దక్కాల్సిన గౌరవాన్ని ఆ పాత్రకిచ్చారు. ఇక్కడ ఒక నిజమైన మనిషి విమర్శను తీసుకుని, దాని వెనక ఉన్న కారణాలు పక్కన పెట్టి, పగ మాత్రం మిగిల్చారు. కింది కులంగా చూసిన కుటుంబంలోంచి వచ్చిన శాస్త్రవేత్త కథలోంచి మాయమయ్యాడు, ఆ చోట అనుమానంగా చూడాల్సిన ముస్లిం పాత్ర వచ్చి కూర్చుంది. రెండు వర్గాలకూ అన్యాయమే.

బ్రిటన్‌లో రాజకుటుంబం మీద తీసిన సిరీస్ 'ది క్రౌన్' గురించి 2022లో నటి జూడీ డెంచ్ బహిరంగంగా ఉత్తరం రాశాక, కొత్త సీజన్ ట్రైలర్ వివరణలో 'కల్పిత నాటకీకరణ' అని నెట్‌ఫ్లిక్స్ చేర్చింది. అలాంటి ఒక్క వాక్యం కూడా చాలదంటాను. ఎవరి జీవితంలోంచి ఏం తీసుకున్నారో చెప్పాలి.

పేరు మార్చడం గౌరవం కోసమే అన్నారు. మరి నెహ్రూ, రామన్, భాభా, కలాం అందరూ సొంత పేర్లతోనే ఉన్నారు కదా. వాళ్ల నోట కూడా కల్పించిన మాటలే పలికించారు. నెహ్రూను సభలో నిలదీసిన మనిషిని ఆయన పేరుతోనే చూపిస్తే కథకు ఏం తగ్గేదో చెప్పండి.

కథే ముఖ్యం:
చివర్లో ఒక కార్డు వేయాల్సింది, అంతవరకు ఒప్పుకుంటాను. పేరు సంగతిలో మాత్రం నా మాట నాదే. నెహ్రూని మంచిగా చూపిస్తే ఎవరూ కోర్టుకు వెళ్లరు. విలన్‌గా చూపిస్తే వెళ్తారు.

ఫిజిక్స్ మేడమ్:
అయితే విలన్‌గా చూపించకపోతే సరిపోయేది కదండీ.